కాలరు కింద ఎర్ర దారం

నంద్యాల,
జూన్ మొదటి వారం

ప్రియమైన రూతుకు,

ఎప్పటిలా చొక్కా జేబులు వెతక్కు. ఈసారి నా ఉత్తరం మిలిటరీ జాకెట్టు జేబులో ఉంది. పెళ్ళయిన కొత్తలో నా యూనిఫారాలు బస్సులో పంపితే నువ్వు గుండీలు కుట్టి, జేబులో చీటీ పెట్టి తిప్పి పంపేదానివి. ఆ అలవాటు ఇద్దరినీ వదల్లేదు. ఫోనులో మాట్లాడదామంటే ఇక్కడ స్టోరులో ఎప్పుడూ ఎవరో ఒకరు చెవులు నిక్కబొడుచుకొని ఉంటారు. నేను ‘ఆ, ఊ’ అంటాను, నువ్వు అలుగుతావు.

విషయం ఏమంటే, మా దళానికి మిలిటరీ వాళ్ళు వాడి పక్కన పెట్టిన సామాను వచ్చింది. లారీ నిండా. హెల్మెట్లు, దోమతెరలు, నీళ్ళ సీసాలు, అన్నిటికంటే ముఖ్యంగా బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు, అరవై దాకా. ఎర్రచందనం దొంగల కోసం అడవిలోకి పోయే మావాళ్ళకి ఇన్నాళ్ళూ ఖాకీ చొక్కా తప్ప అడ్డం ఏముంది? లారీ తలుపు తీయగానే ఈలలు వేశారు. మీ తమ్ముడు అభిషేక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకటి తగిలించుకొని, కనబడిన ప్రతివాడి చేతా రొమ్ము మీద గుద్దించుకుంటూ మైదానమంతా తిరిగాడు. ‘బావా, నన్ను కాల్చు. యాడన్నా కాల్చు, ఏమన్నా అయితే అడుగు’ అని నా వెంటపడ్డాడు. నోరు ముయ్యిరా అన్నాను.

ఇబ్బంది ఒక్కటే. పైగుడ్డలు పీలికలై ఉన్నాయి. ఎవరెవరి చెమటో, ఎక్కడెక్కడి మట్టో. లోపల రొమ్ముకి ఒక పలక, వీపుకి ఒక పలక ఉంటాయి. వాటిని తీసి కొత్త ఖాకీ గుడ్డలో పెట్టి కుట్టాలి, వీపు మీద పోలీస్ అని ఉండాలి. బయట కుట్టించడానికి మంజూరు లేదు. ఇన్‌స్పెక్టర్ సార్ నన్ను పిలిచి, ‘నీ భార్య టైలరంట కదప్పా, ఆమెకే పంపు’ అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. అది పని అయ్యాక చెప్తాను. నీకు నచ్చే మాటే.

మూటలు బస్సులో నుంచి దించేటప్పుడు నడుం జాగ్రత్త. ఆటో అబ్బాయిని సాయం అడుగు, పౌరుషానికి పోవద్దు.

నీ
జీవన్

*

ఆళ్ళగడ్డ,
జూన్, శుక్రవారం

ప్రియమైన మీకు,

మీరు పంపినవి జాకెట్లా, తిరగలి రాళ్ళా? ఆటో అబ్బాయి రెండు మూటలు మోసి మూడోదాని దగ్గర దండం పెట్టాడు. ఇప్పుడు మన షాపులో కాలు పెట్టే చోటు లేదు. పెళ్ళి జాకెట్లకి కొలతలిచ్చిన ఆడవాళ్ళు వచ్చి, ఈ జాకెట్లు చూసి, ‘ఏందమ్మా రూతూ, పెళ్ళికూతురు యుద్ధానికి పోతాందా?’ అని నవ్విపోతున్నారు. నవ్వనీ. కుట్టుపనికి జెస్సికాని పెట్టుకున్నాను. ఆ పిల్ల చేతికి వేగం ఉంది గాని నోటికి ఇంకా ఎక్కువ ఉంది.

మిషను సూదులు ఈ గుడ్డకి టపటపా విరుగుతున్నాయి. అంచులన్నీ చేత్తోనే, గోనె కుట్టే సూదితో కుడుతున్నాను. వేళ్ళు చూస్తే మీరు జాలిపడాలి. పడకపోతే మీ ఇష్టం.

ఒక సంగతి అడగాలి. పాతగుడ్డలు విప్పుతుంటే కొన్ని పలకల వెనక ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. అడ్డంగా, బ్రష్షుతో, ఎవరో కోపంగా గీసినట్టు. కొన్నింటికి లేదు. గీత ఉన్నవి సగానికి కొంచెం తక్కువ. అమ్మ ఊరుకోదు కదా, కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు ఒక్కొక్కటీ వేలితో కొట్టింది. ‘ఈ గీతవి పగిలిన కుండ మాదిరి పలుకుతాండాయే. లోపల బద్దలైనాయేమో. మీ ఆయన్ని అడుగు’ అంది. నేను కూడా కొట్టి చూశాను. నాకూ అట్లాగే వినబడింది. అమ్మ చెప్పింది కాబట్టి అట్లా వినబడిందేమో తెలియదు.

ఎర్ర గీత అంటే ఏమిటి? మిలిటరీ వాళ్ళని ఎవరైనా అడిగారా? మీరు చెప్పేవరకు గీత లేనివే కుడతాను.

అభిషేక్‌ని ఆదివారం చర్చికి పొమ్మని చెప్పండి. పోయానని నాకు ఫోనులో అబద్ధం చెప్తున్నాడు. వాక్యం ఏమిట్రా అంటే ఫోను కట్ చేస్తున్నాడు.

మీ
రూతు

*

నంద్యాల,
జూన్ నెలాఖరు

ప్రియమైన రూతుకు,

నీ ప్రశ్న తీసుకొని సార్ దగ్గరకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

ఆయన కాఫీ తాగుతున్నారు. ‘సార్, కొన్ని పలకల మీద ఎర్ర గీతలున్నాయంట, మిలిటరీ డిపోకి ఒక ఫోను కొట్టి కనుక్కుందామా’ అన్నాను. కప్పు కింద పెట్టి నా వైపు చూశారు. ‘జీవన్, వాళ్ళు ఊరికే ఇచ్చినారు. ఇచ్చినోళ్ళను పట్టుకొని ఇది మంచిదా, చెడ్డదా అని అడుగుతారా యాడన్నా? పెద్దాఫీసరు వచ్చి తన చేత్తో పంచుతాండాడు, పేపరోళ్ళు వస్తాండారు. సగం పక్కన పెట్టినామనుకో, మనకు వచ్చిన పేరేమి కావాల? గీత లోపలికి పోయేట్టు కుట్టమను మీ ఆమెను’ అన్నారు.

నేను ఇంకా నిలబడి ఉన్నాను. అప్పుడు ఆ రెండో మాట మళ్ళీ అన్నారు. ఈ పని సక్రమంగా అయిపోతే ఆళ్ళగడ్డ స్టేషనుకి నా బదిలీ రాయిస్తారట. రూతూ, ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మనం ఒక ఇంట్లో నెలంతా కలిసి ఉన్నది ఎప్పుడు? గంట ప్రయాణమే, అయినా సెలవు దొరకదు. వచ్చినా స్టాండ్‌బై అని మధ్యలో పిలుస్తారు. అన్నం కంచం ముందు నుంచి లేచిపోయిన రోజులు నువ్వు మరిచిపోయావేమో గాని నేను మరిచిపోలేదు.

ఆ గీత లెక్క కోసం వేసిన గుర్తు అయి ఉంటుందని సార్ అంటున్నారు. అయి ఉండొచ్చు. మిలిటరీ వాళ్ళకి ప్రతిదానికీ ఒక గుర్తు ఉంటుంది. ఆయన నాకంటే ఎక్కువ చూసినవాడు. నువ్వు కుట్టేసెయ్. పంచే రోజు దగ్గరకొచ్చింది.

అమ్మతో దీని గురించి బయట మాట్లాడొద్దని చెప్పు.

నీ
జీవన్

*

ఆళ్ళగడ్డ,
జూలై, బుధవారం

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చదివి పొయ్యిలో వేద్దామనుకున్నాను. వేయలేదు. ఒక్క ఫోనుతో తేలిపోయేదానికి కాఫీ కప్పు అడ్డం వచ్చింది! మీ సార్ ఆ జాకెట్టు తొడుక్కొని అడవిలోకి పోతాడా? పోడు. ఆయనకి గీత ఉంటే ఏమి, లేకుంటే ఏమి?

ఇంత రాసి కూడా అన్నీ కుట్టేశాను. కొత్తగుడ్డలో చూస్తే ఏది ఏదో పోల్చుకోలేరు. గీత లోపలికి పోయేటట్టు కుట్టమన్నారు, అట్లాగే కుట్టాను. మీరు ఆళ్ళగడ్డ వస్తారన్న మాట రాత్రంతా చెవిలో మోగింది. సాయంత్రం మీకు గేటు తీసి, మీ బూట్లు మెట్టు మీద చూసుకోవాలని నాకు మాత్రం లేదా? ఆశ నాకూ ఉంది. మీ ఒక్కరి మీదే నింద వేయను.

కానీ ఒక పని చేశాను, మీరు తిట్టినా సరే. గీత ఉన్న ప్రతి జాకెట్టుకీ కాలరు కింద, లోపలి వైపు, ఎర్ర దారంతో చిన్న ముడి వేశాను. వేలు పెట్టి తడిమితే తగులుతుంది. హాస్టల్లో చదివేటప్పుడు అభిషేక్ చొక్కాలు ఎవరూ ఎత్తుకుపోకుండా కాలరు కింద ఇట్లాగే ముడి వేసేదాన్ని. అదే చెయ్యి, అదే ముడి. ఎర్ర దారం ఉన్నవి ఆఫీసులో కూర్చునే వాళ్ళకి, గేటు దగ్గర నిలబడే వాళ్ళకి ఇవ్వండి. అడవిలోకి పోయే పిల్లలకి దారం లేనివి ఇవ్వండి. అన్నీ అట్లా కుదరకపోతే...

కుదరకపోతే అభిషేక్‌కి మాత్రం దారం లేనిది ఇవ్వండి. ఇది మీ భార్యగా అడగడం లేదు. నాయన పోయినాక వాడిని ఒళ్ళో వేసుకొని పెంచిన దాన్నిగా అడుగుతున్నాను. మిగతా వాళ్ళకీ అక్కలుంటారని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

మూటలు రేపు పొద్దున బస్సుకి వేస్తాను.

మీ
రూతు

*

నంద్యాల,
జూలై మూడో వారం

ప్రియమైన రూతుకు,

పేపరు పంపుతున్నాను, మూడో పేజీ చూడు. నీ జాకెట్లు వరసగా నిలబడ్డాయి. పెద్దాఫీసరు కుట్టు చూసి ‘ఎవరు కుట్టారు, కంపెనీదిలా ఉందే’ అన్నాడు. సార్ నా పేరు గాని, నీ పేరు గాని చెప్పలేదు. పోనీ, మన పేరు మనకు తెలుసు.

నువ్వు అడిగింది చేశాను. అభిషేక్‌కి దారం లేనిది నా చేత్తో తొడిగాను. మిగిలినవాటిలో నాకు చేతనైనంత వరకు ఏరి, దారం ఉన్నవి గేటు వాళ్ళకి, వంట వాళ్ళకి, ఆఫీసుకి వేశాను. ఒక్కచోట కుదరలేదు. చిన్న సైజువి రెండే ఉన్నాయి. రెండింటికీ ఎర్ర దారమే. ఒకటి ఆఫీసులో ఉండే అమ్మాయికి ఇచ్చాను. రెండోది హిమజకి పోయింది. కొత్తగా చేరిన కానిస్టేబులు, ఉయ్యాలవాడ పిల్ల, అభిషేక్ జట్టులోనే అడవిలోకి పోతుంది. పెద్ద సైజు వేస్తే మోకాళ్ళ దాకా వస్తుంది, పరిగెత్తలేదు. ఏం చేయమంటావు?

ఆ పిల్ల ఫోటో పేపర్లో నవ్వుతూ ఉంది, ఎడమ నుంచి మూడోది. ఎక్కువసేపు చూడొద్దు.

బదిలీ కాగితం పైకి పోయిందని సార్ చెప్పారు.

నీ
జీవన్

*

నంద్యాల,
సెప్టెంబరు

ప్రియమైన రూతుకు,

సమాధుల తోటలో నువ్వు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నీ పక్కన నిలబడదామని వచ్చాను, నువ్వు అమ్మకి అటువైపు జరిగావు. ఫోను ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఏం జరిగిందో నీకు ఎవరెవరో ఏవేవో చెప్పి ఉంటారు. తెల్లవారుతుండగా అడవి అంచున దుంగలు మోసేవాళ్ళు ఎదురుపడ్డారు. వాళ్ళ దగ్గర ఉన్నది అడవి పందులను కొట్టే నాటు తుపాకి. ఒక్కటే దెబ్బ, అభిషేక్ రొమ్ము మీద. ఆసుపత్రికి తెచ్చేసరికే అయిపోయింది.

అభిషేక్ జాకెట్టు వేసుకోలేదని విచారణలో తేల్చారు. ఉక్కగా ఉందని క్యాంపులో తీసి పెట్టాడట. వాడి పేరు మీద ఇచ్చిన జాకెట్టు చెక్కుచెదరకుండా స్టోరులో ఉంది, దానికి చిన్న గీరు కూడా లేదు. నేను స్టోరు మనిషిని కాబట్టి ఆ సంగతి సంతకం పెట్టి ఇచ్చాను. అది అబద్ధం కాదు రూతూ, జాకెట్టు నిజంగానే ఉంది. నువ్వే వచ్చి చూసుకోవచ్చు.

వాడి పొరపాటని రాశారు కాబట్టి అక్టోబరులో పోలీసు అమరవీరుల దినం నాడు పేర్లు చదివేటప్పుడు వాడి పేరు చదవరేమో. నేను సార్‌ని అడుగుతాను. సమయం చూసి అడుగుతాను.

ఆళ్ళగడ్డ ఆర్డరు వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు చేరాలి. ఇట్లాంటప్పుడు ఈ మాట రాయడం నాకే సిగ్గుగా ఉంది, కానీ నువ్వు ఒంటరిగా ఉండకుండా నేను ఉంటాను కదా అని రాస్తున్నాను.

ఇంకొకటి. పది జాకెట్లు మూట కట్టి పంపుతున్నాను. కుట్లు ఊడినవి. విచారణ ఆఫీసరు మళ్ళీ వచ్చి లెక్క చూస్తాడట, ఆలోపల బాగుచేసి పెట్టమన్నారు. ఒకదానికి ముందువైపు చీలిక ఉంది, మేకు తగిలింది. దానికి పైగుడ్డ మొత్తం మార్చెయ్. నీకు మనసు బాగాలేకపోతే నువ్వు ముట్టుకోవద్దు, జెస్సికా చేత వేయించు. అదే మంచిది.

వేళకి తిను.

నీ
జీవన్

*

ఆళ్ళగడ్డ,
సెప్టెంబరు నెలాఖరు

జీవన్ కుమార్,

ఈ ఉత్తరంలో నిన్ను మీరు అని రాయలేను.

జెస్సికా చేత వేయించమన్నావు. జెస్సికాకి జ్వరం. మూట నేనే విప్పాను. తొమ్మిదింటికి కుట్లు ఊడలేదు. నువ్వే బ్లేడుతో కోశావు. నా కుట్టు ఎట్లా ఊడుతుందో, ఎట్లా కోస్తే తెగుతుందో నాకు తెలియదా? పదోదాని చుట్టూ పెట్టడానికి ఆ తొమ్మిదీ పంపావు.

పదోది చిన్న సైజు. సబ్బుతో ఉతికి ఆరేసి ఉంది. ముందువైపు చిల్లు ఉంది, దాని అంచులు కాలి ఉన్నాయి. ఏ మేకు కాలుస్తుంది గుడ్డని? లోపల పలక మార్చి వేరేది పెట్టారు. కానీ అడుగున మడతలో పాత పలక పెంకులు, పొడి అట్లాగే ఉన్నాయి. చెయ్యి పెడితే గుచ్చుకున్నాయి. లోపలి గుడ్డకి ఉతికినా పోని మరక ఉంది. కాలరు కింద తడిమాను. ముడి ఉంది.

హిమజ జాకెట్టు అనుకున్నాను. మరి ఆ పిల్ల బతికే ఉంది కదా, ఈ నెత్తురు ఎవరిది? సందేహం వచ్చాక ఊరికే కూర్చోలేకపోయాను. బస్సెక్కి ఉయ్యాలవాడ పోయాను. సెలవు మీద ఇంట్లోనే ఉంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోబోయింది, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట కూడా మార్చడం లేదు.

‘అక్కా, నాకేం తెల్దు. క్యాంపులో నా జాకెట్టు గడ్డి మీద పెట్టింటి. అన్న తీసి కాలరు కాడ పట్టి చూసినాడు. శానాసేపు చూసినాడు. ఈ ముడి మా అక్కదే అనినాడు. అవతలికి పోయి మీ ఆయనకు ఫోను చేసినాడు. ఏం మాట్లాడుకున్యారో నాకు ఇనపడల్యా. వచ్చి, నాది నువ్వేసుకో పాపా, నీది నాకియ్ అన్నాడు. ఎందుకన్నా, నీకు బిగుతైతాది అంటే, నీది మా అక్క బాగ కుట్టింది, నాది సరిగా కుట్టల్యా, నాకు మంచిది కావాల అని నవ్వినాడు. ఇచ్చేస్తి అక్కా. ఆ పొద్దునించి రోజూ అదే ఏసుకున్యాడు. సచ్చిపోయిన నాడు గూడా ఒంటి మీద అదే ఉండె. సార్లు వచ్చి, వాడు ఏసుకోలేదని చెప్పు, ల్యాకుంటే నీ ఉద్యోగం పోతాది అన్యారు. నేను చెప్పినానక్కా. నన్ను కొట్టు.’

నేను కొట్టలేదు. ఆ పిల్ల చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగాను. తర్వాత ఒకటే అడిగాను. ఫోనులో వాళ్ళ బావ ఏమన్నాడో అభిషేక్ చెప్పాడా అని. ‘ఆర్డరు రానీ, వచ్చినాక అన్నీ రాసి పైకి పెడతా, అంతవరకు నోరు మూసుకో అన్యాడంట’ అంది.

ఆర్డరు వచ్చింది కదా. పెట్టావా?

చెక్కుచెదరని జాకెట్టు స్టోరులో ఉందని రాశావు. ఉంటుంది. దాన్ని హిమజ తొడుక్కుంది కాబట్టి ఉంది. అది నీకు సంతకం పెట్టేటప్పుడు తెలుసు. వాడు ఉక్కపోతకి తీసి పారేశాడని లోకం అనుకుంటుంటే నువ్వు ఆ సమాధి దగ్గర మట్టి వేశావు. మా అమ్మ నిన్నటిదాకా ‘నా కొడుకు జాకెట్టు ఏసుకోనుంటే బతికేవాడు, చెప్పిన మాట వినడు కదా’ అని వాడినే తిట్టుకుంటూ ఏడ్చింది. నిన్న రాత్రి ఆమెకి నిజం చెప్పాను. ఏడుపు ఆపింది.

నిన్ను ఒక్కడినే అని నేను తప్పుకోను. గీత కనబడింది నాకు. పగిలిన చప్పుడు విన్నది నేను. అయినా కుట్టాను, గట్టిగా కుట్టాను, పెద్దాఫీసరు మెచ్చుకునేటట్టు కుట్టాను. అందరి ప్రాణాల సంగతి అడగాల్సిన చోట నా తమ్ముడు ఒక్కడి ప్రాణం అడిగాను. వాడికి నా ముడి తెలుసునని మరిచిపోయాను. నేను మంచిది ఇప్పించానని వాడు కనిపెట్టాడు. ఆ మంచిది ఒంటి మీద ఉంచుకోలేకపోయాడు. సిగ్గుపడ్డాడు నా వల్ల. మనిద్దరికీ రాని సిగ్గు వాడికి వచ్చింది.

నువ్వు పంపిన మిగతా తొమ్మిదీ విప్పేశాను. ఆరింటిలో ఎర్ర గీతలున్నాయి. షాపు అరుగు మీద, దారిన పోయే వాళ్ళకి కనబడేటట్టు, గీత పైకి పెట్టి పరిచాను. అడిగిన వాళ్ళందరికీ చెప్తున్నాను. పొద్దున్నుంచి అడుగుతూనే ఉన్నారు. ఆ ఆఫీసరు లెక్క చూడటానికి నంద్యాల వచ్చే రోజు నేనూ వస్తాను. చిల్లు జాకెట్టు పట్టుకొని వస్తాను. ఎవరు కుట్టారంటే నేనే అని మొదట చెప్తాను. తెలిసే కుట్టానని కూడా చెప్తాను. ఆ తర్వాత ఎవరు కుట్టమన్నారని అడుగుతారు. అప్పుడు నువ్వు ఆ గదిలో ఉంటావు. నీ నోటితో చెప్తావో, నా నోటితో చెప్పిస్తావో నీ ఇష్టం. హిమజ వస్తానంది. భయపడుతూనే అంది.

ఒకటో తారీఖు ఆళ్ళగడ్డలో చేరు. ఆర్డరు ఉంది కదా, స్టేషను వెనక క్వార్టర్లు ఖాళీగానే ఉన్నాయట. ఈ ఇంటి గేటు తీయను.

బాగుచేసి తిప్పి పంపుతానని ఎదురుచూడొద్దు. ఈ ఉత్తరం జేబులో పెట్టడం లేదు, పోస్టులో వేస్తున్నాను. జాకెట్టు నా దగ్గరే ఉంటుంది.

అభిషేక్ అక్క
రూతు